ఫ్యాను రెక్క మీద పేరు

మా పెద్దమ్మకి బీపీ బిళ్ళల కోసం నెలకోసారి ఊళ్ళోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అదే పీహెచ్‌సీకి, వెళ్తాను. ఆవిడకి ఎనభై దాటాయి, మోకాళ్ళు సహకరించవు, చీటీ నా చేతికిచ్చి పంపిస్తుంది. వెళ్ళగానే మందులు చేతికి రావు. పేరు రాయించుకోవాలి, వరసలో కూర్చోవాలి, లోపల టీకాల గదిలో పసిపిల్లల ఏడుపులు సద్దుమణిగాక మందుల కిటికీ తెరుచుకోవాలి. ఆ వసారాలో సిమెంటు బల్ల మీద కూర్చుని పైకి చూడటం నాకు అలవాటైపోయింది. పైన ఒక ఫ్యాను ఉంది. మూడు రెక్కల కిందివైపునా ఎర్ర రంగుతో అక్షరాలు. ఒక రెక్క మీద గతించిన ఒక తల్లి పేరు, రెండో దాని మీద 'జ్ఞాపకార్థం', మూడో దాని మీద కొడుకుల పేర్లు. కరెంటు పోయినప్పుడు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదవొచ్చు. కరెంటు రాగానే పేరు ఒక ఎర్రటి గీత అవుతుంది, ఇంకాస్త వేగం అందుకుంటే ఆ గీత కూడా గాలిలో కలిసిపోతుంది. ఫ్యాను పనిచేస్తున్నంతసేపూ ఇచ్చిందెవరో తెలియదు. ఆగిపోతేనే తెలుస్తుంది. ఇది మొదటిసారి గమనించిన రోజు నుంచీ నన్ను వదలడం లేదు. వేరే పనిలో ఉన్నప్పుడు కూడా వచ్చి పక్కన కూర్చుంటుంది.

ఒకరోజు కరెంటు ఉన్నా ఆ ఫ్యాను తిరగలేదు. స్విచ్చి వేస్తే ఒక మూలుగు వినిపించింది, రెక్కలు మాత్రం కదల్లేదు. బయట మే నెల ఎండ. నా పక్కన నిండు గర్భిణి ఒకమ్మాయి పమిట చెంగుతో విసురుకుంటోంది. అక్కడ ఊడ్చే ఆయమ్మ వచ్చి, చీపురు తిరగేసి, మునివేళ్ళ మీద నిలబడి దాని వెనక కొసతో రెక్కని ఒక తోపు తోసింది. ఫ్యాను బద్ధకంగా కదిలి, రెండు చుట్లు తిరిగి, ఆ తర్వాత తనంతట తాను అందుకుంది. "కండెన్సరు పోయిందమ్మా. పొద్దున్నే ఇట్టా ఒక తోపు తోస్తే సాయంత్రం దాకా తిరుగుద్ది," అంది నావైపు చూసి. ఎన్నాళ్ళ నుంచి ఇలా అని అడిగితే, "పోయిన వేసంగి నుంచి," అంది. ఇంటికొచ్చి కనుక్కుంటే కండెన్సరు వంద రూపాయల లోపే. రెండు వేల రూపాయలు పెట్టి ఫ్యాను ఇచ్చిన చెయ్యి మన ఊళ్ళో ఉంది. వంద రూపాయల కండెన్సరు ఇచ్చే చెయ్యి ఏడాదిగా రాలేదు. ఎందుకని? ఆ చిన్న డబ్బా కప్పులో దాక్కుని ఉంటుంది, దాని మీద పేరు రాయడానికి చోటు లేదు. అంతేనా కారణం? అలా అనుకుంటే ఆ కొడుకులకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఆ తల్లి చివరి రోజుల్లో ఇదే బల్ల మీద చెమటతో తడిసి కూర్చుని ఉంటుంది. ఆ చెమట చూసిన పిల్లలు, ఇంకెవరి అమ్మా ఇలా కూర్చోకూడదని అనుకుని ఉంటారు. మనిషి పోయాక చేయడానికి ఏమీ మిగలనప్పుడు ఏదో ఒకటి చేయాలని చేతులు కొట్టుకుంటాయి. ఆ బాధ నాకు తెలుసు. ఎందుకంటే నేనూ ఒక బీరువా ఇచ్చాను.

మా నాన్న ఎలిమెంటరీ బళ్ళో పంతులు. ఆయన పోయాక చెల్లీ నేనూ కూడబలుక్కుని, ఆయన చదువుకున్న హైస్కూలుకి ఒక ఇనప బీరువా, దాని నిండా పుస్తకాలు ఇద్దామనుకున్నాం. హైదరాబాదు కోఠీలో రెండ్రోజులు తిరిగి కొన్నాను. సగానికి పైగా ఇంగ్లీషువే. నున్నటి కాగితాల మీద గ్రహాలూ తిమింగిలాలూ రంగుల్లో మెరిసిపోతుంటే, బొమ్మలున్నాయి కదా, పిల్లలు ఇష్టపడతారు అనుకున్నాను. బీరువా తలుపు మీద నాన్న పేరు రాయించాం. బళ్ళో చిన్న సభ పెట్టారు, శాలువా కప్పారు, చెల్లి ఏడ్చింది. నాలుగేళ్ళ తర్వాత ఏదో పనిమీద అటు వెళ్ళి, చూడాలనిపించి లోపలికి అడుగుపెట్టాను. బీరువా స్టాఫు రూములో ఓ మూల ఉంది. తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడానికి అరగంట పట్టింది. తెరిస్తే పుస్తకాలన్నీ నేను పేర్చిన వరసలోనే, నేను వదిలిన వాసనతోనే ఉన్నాయి. అక్కడున్న మాస్టారు ఎంతో మర్యాదగా అన్నారు: "పిల్లలు చించేస్తారని బయటికి తీయలేదండీ. మీలాంటివాళ్ళు ఎప్పుడైనా వస్తే బాగా కనపడాలి గదా." నిర్లక్ష్యం చేశారని కోపం తెచ్చుకోడానికి వీల్లేకపోయింది. నా సొత్తుని నాకోసం దాచి ఉంచారు. ఇచ్చేసిన తర్వాత కూడా అది వాళ్ళది కాలేదు. నాన్న పేరు రాయించడంలో నేను చేసిన పని అదేనా? ఆ పేరు తలుపు మీద కాపలా కూర్చుందా? నాన్న బతికున్నప్పుడు ఆయన పుస్తకాలు పిల్లల చేతుల్లో నలిగి, అట్టలూడి, గంజితో అతికించుకుని మళ్ళీ తిరిగేవి.

ఆ తర్వాత ఎప్పుడో కెన్యా గురించి చదువుతూ ఆగిపోయాను. 1990ల్లో పశ్చిమ కెన్యా పల్లెబడుల్లో నలుగురైదుగురు పిల్లలకు ఒక పాఠ్యపుస్తకం కూడా ఉండేది కాదు. ఒక డచ్చి స్వచ్ఛంద సంస్థ కొన్ని బడులకు పుస్తకాలిచ్చింది. పుస్తకాలిస్తే చదువు బాగుపడదా అని ఎవరూ అనుమానించే విషయం కాదు. మైకేల్ క్రేమర్, మరికొందరు ఆర్థికశాస్త్రవేత్తలు ఆ బడులనీ, పుస్తకాలు అందని బడులనీ పక్కపక్కన పెట్టి చూశారు. సగటు మార్కుల్లో తేడా ఏమీ కనబడలేదు. అప్పటికే ముందుండే పిల్లలకి మాత్రం ఉపయోగపడ్డాయి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఆ పిల్లల్లో చాలామందికి అది మూడో భాష. ఇంట్లో ఒక మాట, సంతలో ఒక మాట, ఆ తర్వాతే ఇంగ్లీషు. చదవగానే నా తిమింగిలాలు గుర్తొచ్చాయి. తాళం తీసినా అవి ఎంతమంది పిల్లలతో మాట్లాడగలిగేవి? క్రేమర్‌కి 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోలతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి వెనక ఉన్న ప్రశ్న మాత్రం మన వీధి అరుగు మీద అడగదగినదే: ఇచ్చినది అందిందా? అదే కెన్యాలో నులిపురుగుల బిళ్ళలు ఇచ్చిన బడుల్లో పిల్లల గైర్హాజరు పావు వంతు దాకా తగ్గిందని క్రేమర్, ఆయన తోటి పరిశోధకుడు రాశారు. దాని మీద తర్వాత పండితులు చాలా ఏళ్ళు వాదించుకున్నారు. నాకు ఆ వాదనలన్నీ అర్థం కావు. అర్థమైనదల్లా ఒకటే. బిళ్ళ చవక, కానీ అది పిల్లవాడి నోట్లో పడాలంటే ఒక మనిషి ఎదురుగా నిలబడి, నమిలి మింగరా అని చూస్తూ ఉండాలి. మన దగ్గరా నులిపురుగుల దినం నాడు అంగన్‌వాడీ టీచరు చేసేది అదే.

మనిషి అంటే గుర్తొచ్చింది. మా ప్రాంతంలో 1935లో పుస్తకాల పడవ ఒకటి ఉండేది. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువలో నడిచేది. గ్రంథాలయోద్యమం ఉధృతంగా సాగుతున్న కాలం. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్ళు ఊరూరా తిరిగి పుస్తకాల కోసం అడిగిన రోజులు. ఆ పడవ మీద నాకు చిన్నప్పటి నుంచీ మోజు. మా తాతయ్య దాన్ని చూశాడో లేదో అడిగే వయసు నాకు వచ్చేసరికి ఆయన లేడు. ఊహించుకుంటాను: రేవులో పడవ ఆగుతుంది, బట్టలు ఉతుక్కునేవాళ్ళు తలెత్తి చూస్తారు, పడవలోంచి ఒకాయన దిగి పోయినసారి తీసుకున్న పుస్తకం ఏదని అడుగుతాడు. చదివావా, ఎలా ఉంది అని కూడా అడుగుతాడనిపిస్తుంది. నా బీరువాకి లేనిది ఆ ఒకాయన. బీరువా ఒక్కసారి వచ్చి మూలన నిలబడిపోయింది. పడవ మళ్ళీ మళ్ళీ వచ్చేది. పుస్తకం తిరిగి ఇవ్వాలి కాబట్టి చదవాలి, ఆయన వస్తాడు కాబట్టి తిరిగి ఇవ్వాలి. ఆ పడవలో ఎన్ని పుస్తకాలుండేవోనన్న ఆలోచన నాకెప్పుడూ రాదు. ఏ వారం వచ్చేది, వానొస్తే ఏం చేసేవాళ్ళు, ఆ దిగే ఆయనకి జీతం ఎవరిచ్చేవాళ్ళు, ఇవే వస్తాయి.

డబ్బు ఎవరిదన్న ప్రశ్న రాగానే మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆవిడ సర్కారు ఆసుపత్రి అనేది కాదు. ధర్మాసుపత్రి అనేది. ఆ తరం వాళ్ళందరి నోటా అదే మాట. డబ్బు తీసుకోరు కాబట్టి ధర్మం. ఆవిడ దృష్టిలో గుంటూరులో ఇంకోటి ఉండేది, కుగ్లర్ ఆసుపత్రి. అమెరికా నుంచి 1883లో వచ్చిన ఆనా కుగ్లర్ అనే డాక్టరమ్మ, మగ డాక్టరు ముందుకు రావడానికి సిగ్గుపడి ప్రాణాలు పోగొట్టుకునే ఆడవాళ్ళ కోసం 1898లో ఆ ఆసుపత్రి తెరిపించింది. దానికి డబ్బు సముద్రం అవతలి చర్చిల్లో చందాలుగా పోగయింది. కుగ్లర్ మాత్రం ఇవతలే ఉండిపోయింది, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. దాదాపు యాభై ఏళ్ళు. మతం కోసం వచ్చిందనేవాళ్ళు అంటారు, ఆ మాటలో నిజమూ ఉంది. అయినా పురిటి నొప్పులతో బండిలో వచ్చిన మనిషికి అర్ధరాత్రి తలుపు తీయడంలో ఇంకో నిజం ఉంది. రెండు నిజాలనూ పక్కపక్కన ఉండనివ్వడానికి నాకు అభ్యంతరం లేదు. నన్ను తొలిచేది అమ్మమ్మ వాడిన ఆ మాట. ఒకసారి ధర్మాసుపత్రిలో పొద్దుట్నుంచి కూర్చోబెట్టి, చీకటి పడ్డాక రేపు రమ్మన్నారట. గట్టిగా అడక్కపోయావా అని అమ్మ విసుక్కుంటే, "ధర్మానికి చేసేవాళ్ళని గట్టిగా అడగ్గూడదే," అంది. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదని మనకి సామెత ఉండనే ఉంది. ఆవు సంగతి సరే. బడికి, ఆసుపత్రికి పళ్ళు లెక్కపెట్టకపోతే ఎలా? ఆ సర్కారు ఆసుపత్రి అమ్మమ్మ కొన్న కిరసనాయిలు వంటివాటి మీద పోగైన పన్నుల్లోంచి నడిచేదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తన సొమ్ము తనకి ధర్మంగా కనిపించింది, అందుకని నోరు మూసుకుని ఇంటికొచ్చింది. దానంలో నాకు భయం వేసేది ఇక్కడే. చేతిలో ఏదో పెడుతూ పెడుతూ, అడిగే హక్కుని మెల్లిగా లాక్కుంటుందేమోనని. నా బీరువా ముందు ఆ మాస్టారు నిలబడ్డ తీరులో కూడా ఆ భయమే కనిపించింది నాకు.

అలాగని ధర్మం అనే మాటని వదులుకోబుద్ధి కాదు. ఎందుకంటే ఆ మాట వినగానే కోనసీమలో లంకల గన్నవరం, డొక్కా సీతమ్మగారు కళ్ళముందు కదులుతారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ ఇల్లాలి ఇంటి ముందు పొయ్యి ఆరేది కాదని చెబుతారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకి, వరదల్లో చిక్కుకున్నవాళ్ళకి వేళ అంటూ లేకుండా అన్నం పెట్టారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి పిలుపు వచ్చినా వెళ్ళలేదని, ఆవిడ పటాన్ని కుర్చీలో పెట్టి గౌరవించారని అందరికీ తెలిసిన కథే. నాకు ఆ కుర్చీ కంటే ఇంకో కథ ఇష్టం. జీవితంలో ఒక్కసారి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని పల్లకీలో బయల్దేరారట. దారిలో కొందరు బాటసారులు ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని ఊరుకోబెడుతూ, ఇంకాస్త దూరం నడిస్తే సీతమ్మగారి ఇల్లు వస్తుంది, అన్నం తినొచ్చు అనుకోవడం ఆవిడ చెవిన పడింది. పల్లకీ వెనక్కి తిప్పించారు. ఎప్పుడు విన్నా ఆ వెనక్కి తిరిగే చోట నాకు గొంతు పట్టేస్తుంది. ఆవిడ ఇచ్చిన అన్నం ఎంతమందికో లెక్కలేదు, ఆ లెక్క కోసం నేను వెతకను. వాళ్ళు వచ్చేసరికి తాను అక్కడ ఉండాలని వెనక్కి తిరగడమే నాకు చాలు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. పేరు బాగుంది. ఆ పథకంలో వంట చేసే ఆడవాళ్ళ గురించి కాస్త ఆగి చెప్పాలని ఉంది, ముందు ఇంకో చోటికి వెళ్ళొస్తాను.

కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున నిలబడితే అవతల కనిపించేది సిరొంచ. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. తెలుగు ధారాళంగా వినిపించే ఊరు. ఆ జిల్లాలోనే అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు 1980ల నడిమిలో వెళ్ళి స్థిరపడ్డారు. అమెరికాలో ప్రజారోగ్యం చదువుకుని వచ్చినవాళ్ళు. గోండు పల్లెల వాళ్ళని కూర్చోబెట్టి, మీకు ఎలాంటి ఆసుపత్రి కావాలని అడిగారు. వాళ్ళు పెద్ద భవనం కోరలేదు. తమ గుడిసెల్లాంటి గుడిసెలు కావాలన్నారు, పక్కన బంధువులు ఉండే వీలుండాలన్నారు, తమ దేవత దంతేశ్వరి పేరు పెట్టమన్నారు. దాత పేరు ఉండాల్సిన చోట దేవత పేరు వచ్చింది. ఆ తర్వాత వాళ్ళు పసికందుల చావుల మీద దృష్టి పెట్టారు. వాన కాలంలో వాగులు పొంగితే ఏ ఆసుపత్రీ అందని పల్లెలవి. ప్రతి ఊళ్ళో కాస్త చదువుకున్న ఒక ఆడమనిషిని ఎంచుకుని, బిడ్డ ఊపిరిని నిమిషానికి ఎన్నిసార్లని లెక్కపెట్టడం, వెచ్చగా చుట్టడం, ఒంట్లో ఇన్ఫెక్షను పాకిన గుర్తులు పసిగట్టి మందు వేయడం నేర్పారు. పురిటింటికి ఆమే మళ్ళీ మళ్ళీ వెళ్ళేది. 39 ఊళ్ళలో ఆ పని జరిగింది. మూడేళ్ళలో వెయ్యి జననాలకి పసికందుల మరణాలు దాదాపు అరవై ఉన్నచోట పాతిక దగ్గరకి దిగాయి. 1999లో ఈ సంగతి లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత దేశమంతటా ఆశా కార్యకర్తలు పురిటింటికి వెళ్ళి బిడ్డని చూసే పద్ధతి రావడానికి ఈ పల్లెలే దారి చూపాయి. అచ్చయిన ఆ అంకెలు చూస్తూ నేను ఆలోచించేది అంకెల గురించి కాదు. వానలో చీరచెంగు నెత్తిన కప్పుకుని, లాంతరు పట్టుకుని, పొరుగింటి పురుటి గది గడప దాటే ఆ ఆడమనిషి గురించి. మసక వెలుతురులో బిడ్డ పొట్ట ఎత్తెత్తి పడుతుంటే లెక్క తప్పిపోకుండా నిమిషం పాటు కళ్ళార్పకుండా కూర్చోవడం ఎంత కష్టం! ఆ ఒక్క నిమిషానికి ఏ దాతా వెలకట్టలేడు.

ఇప్పుడు మా పీహెచ్‌సీ వసారాకి తిరిగొస్తాను. అక్కడ ఆశా కార్యకర్తలు మూలన నేలమీద కూర్చుని రిజిస్టర్లు రాస్తుంటారు. 2005లో ఆశా పథకం మొదలైనప్పటి నుంచీ వాళ్ళని ఉద్యోగులనలేదు, స్వచ్ఛంద కార్యకర్తలన్నారు. చేతికొచ్చేది పారితోషికం. మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళకి కేంద్రం 2009లో ఖాయం చేసింది నెలకి వెయ్యి రూపాయలు. దాని మీద రాష్ట్రాలు తమకి తోచినంత కలుపుతాయి. దానికి పెట్టిన పేరు గౌరవ వేతనం. ఈ మాటల్ని నేను చాలాకాలం పట్టించుకోకుండా చదివేశాను. ఒకరోజు ఆగి చూస్తే ఒళ్ళు జలదరించింది. పొద్దున్నే కట్టెల పొగలో యాభై మందికి వండి, గిన్నెలు తోమి ఇంటికెళ్ళే మనిషికి ఇవ్వాల్సిన కూలికీ, ఇస్తున్న దానికీ మధ్య ఉన్న తేడా ఎక్కడికి పోతోంది? పిల్లల కంచాల్లోకి పోతోంది. అంటే ప్రతి నెలా ఆ తేడాని ఆమె దానం చేస్తోంది. అర్ధరాత్రి ఫోనొస్తే లేచి, నొప్పులు పడుతున్న పిల్లని ఆటోలో ఎక్కించుకుని తన డబ్బుతో ముందుగా కిరాయి కట్టే ఆశమ్మ కూడా అంతే. మన ఊళ్ళో చదువుకీ ఆరోగ్యానికీ ఎక్కువ ఇస్తున్నవాళ్ళు వీళ్ళు. ఎవరూ అడక్కుండా ఇస్తున్నారనడానికి వీల్లేదు. వాళ్ళ దగ్గర అడక్కుండానే తీసుకుంటున్నాం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలందరికీ కలిపి ఒక పురస్కారం ఇచ్చినప్పుడు మా ఊరి ఆశమ్మ ఫోనులో ఆ వార్త చూపించి సంబరపడింది. నేనూ సంబరపడ్డాను. ఆ నెల పారితోషికం పడిందా అని అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. అమ్మమ్మ నోరు నాకూ వచ్చిందేమో.

దీనికి మనలాంటివాళ్ళం చేయగలిగిందేమిటి? జీతాలకీ, కరెంటు బిల్లుకీ, ఫినాయిలుకీ చందాలు వేసుకుంటే సరిపోతుందా? అక్కడికొచ్చేసరికి నా మనసు రెండుగా చీలుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కార్తీక్ మురళీధరన్, ఆయన తోటివాళ్ళు చేసిన ఒక పరిశోధన ఉంది. కొన్ని సర్కారు బడులకి పుస్తకాల వంటి ఖర్చుల కోసం అదనంగా డబ్బు అందింది. అనుకోకుండా వచ్చిన మొదటి ఏడు పిల్లల చదువు మెరుగైంది. రెండో ఏడు, డబ్బు వస్తుందని ముందే తెలిసేసరికి తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, చదువులో మెరుగు కనబడలేదు. ఆ తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. కూలి డబ్బుల్లోంచి నోటుపుస్తకాలకి తీసే ఇంట్లో, ఒకచోట ఊపిరి పీల్చుకునే సందు దొరికితే ఆ డబ్బు బియ్యానికో మందులకో పోతుంది. నా అనుమానం వేరే. నెలనెలా జీతమివ్వాల్సిన సర్కారు కూడా, దాతలున్నారులే అని అలాగే ఊపిరి పీల్చుకుంటే? నేను ఇచ్చిన చందా ఎవరి బాధ్యతని తేలిక చేసిందో నాకెలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇవ్వడం మానేయడం మాత్రం జవాబు కాదని తెలుసు. ఉదయపూర్ పల్లెల్లో సేవా మందిర్ అనే సంస్థ టీకాల శిబిరాన్ని చెప్పిన రోజున, చెప్పిన చోట, తప్పకుండా పెట్టించింది. ఏమీ చేయని ఊళ్ళలో పసిపిల్లలకి టీకాలన్నీ పూర్తయింది నూటికి ఆరుగురికి. శిబిరం క్రమంగా జరిగిన ఊళ్ళలో పద్ధెనిమిది మందికి. వచ్చిన తల్లికి ఒక కిలో పప్పు కూడా చేతిలో పెట్టినచోట ముప్పై తొమ్మిది మందికి. అందరూ ఆ పప్పు గురించే రాశారు, రాయవలసిందే. నా చూపు ఆరు నుంచి పద్ధెనిమిదికి పెరిగినచోట ఆగింది. అక్కడ కొత్తగా జరిగింది నర్సు వస్తానన్న రోజున రావడం. పూట కూలి వదులుకుని, చంటిబిడ్డని చంకనేసుకుని నాలుగు మైళ్ళు నడిచొచ్చిన తల్లికి తాళం కప్ప ఎదురైతే, ఆమె రెండోసారి వస్తుందా? వచ్చి ఉండిపోవడమూ అలాంటిదే. అనంతపురం కరువు పల్లెలకి 1969లో వచ్చిన స్పెయిన్ మనిషి విన్సెంట్ ఫెర్రర్ గురించి అక్కడివాళ్ళు చెప్పేటప్పుడు కట్టించిన ఇళ్ళ లెక్క ముందు చెప్పరు. ఇక్కడే ఉండిపోయాడు అంటారు, ఇక్కడే పోయాడు అంటారు. నలభై ఏళ్ళు ఉన్నాడాయన.

పోయిన నెల తెనాలిలో రెండు కండెన్సర్లు కొని, మా ఊరి ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి వెళ్ళాను. పది నిమిషాల పని. ఫ్యాను స్విచ్చి వేయగానే అందుకుంది, ఎర్ర అక్షరాలు కరిగిపోయాయి. రెండోది ఆయమ్మకి ఇచ్చి దాచమన్నాను, ఎందుకంటే ఇది కూడా ఒకరోజు పోతుంది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కొంగున కట్టుకుంది. ఇంకా ఏం కావాలిక్కడ అని అడిగాను. ఫినాయిలు అంటుందనుకున్నాను, బకెట్లు అంటుందనుకున్నాను, మనసులో అప్పటికే ధరలు లెక్కవేస్తున్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఎవరూ అడగని ప్రశ్న అడిగితే అంతసేపు పడుతుందేమో.

"రాత్రిపూట నాతోపాటు ఇంకో మనిషి ఉంటే చాలమ్మా. మొన్న ఒక పిల్లకి నొప్పులొచ్చినయ్యి. సిస్టరమ్మ లోపలుంది. గుడ్డలందియ్యాలా, గేటు కాడికి పోయి నూట ఎనిమిది బండి వచ్చిందేమో చూడాలా? దాని తల్లి నా చెయ్యి పట్టుకుని వదల్లా," అంది.

నేనేమీ అనలేకపోయాను. ఏ కొట్లోనూ కొనలేనిది అడిగింది. పై అధికారికి అర్జీ రాస్తానన్నాను, మా ఊరివాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తానన్నాను. ఆ మాటలు ఆమె ఇదివరకు విన్నవే అని ముఖం చూస్తే తెలిసింది. అయినా తలాడించింది. ఇంటికొచ్చి అర్జీ రాశాను, నలభై రెండు సంతకాలయ్యాయి, ఇంకా తిరుగుతున్నాను. ఆరోజు మాత్రం మందుల కిటికీ తెరుచుకుని పెద్దమ్మ పేరు పిలిచారు. బిళ్ళలు తీసుకుని వెనక్కి తిరిగేసరికి టీకాల గదిలోంచి ఎవరో ఆయమ్మని కేకేశారు. చీపురు గోడకి ఆనించి, చేతులు చీరకి తుడుచుకుని, "వస్తన్నా," అంటూ లోపలికి వెళ్ళింది.